హోంస్టెడ్ 1892: టన్నుకు ఒక్క డాలర్ దగ్గర ఆగిపోయిన బేరం

1892 జూన్ 23. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ ఉక్కు కంపెనీ తరఫున చైర్మన్ హెన్రీ క్లే ఫ్రిక్, ఆయన మేనేజర్లు ఒక పక్క కూర్చున్నారు. ఇంకో పక్క ఇనుము, ఉక్కు కార్మికుల సంఘం ‘అమాల్గమేటెడ్ అసోసియేషన్’ ప్రతినిధులు. హోంస్టెడ్ మిల్లు వేతన ఒప్పందం గడువు ఇంకో వారంలో అయిపోతోంది. యాజమాన్యం 22 డాలర్ల దగ్గర మొదలుపెట్టి 23కి వచ్చింది. సంఘం 25 నుంచి 24కి దిగింది. మధ్యలో మిగిలింది ఒక్క డాలర్. ఇంకొక్కసారి కూర్చుంటే తేలిపోయేదే అనిపిస్తుంది. మళ్లీ కూర్చోలేదు. రెండు వారాలు తిరక్కుండానే మిల్లు ముందు నది ఒడ్డున కనీసం పది మంది చనిపోయారు. అయిదు నెలలకు సంఘం చేతులెత్తేసింది. ఆ మిల్లులో ఒక యూనియన్‌కి మళ్లీ గుర్తింపు దక్కడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

వేతన ఒప్పందాల బేరసారాలే నా వృత్తి. యూనియన్ ప్రతినిధులకైనా, హెచ్.ఆర్. వాళ్లకైనా శిక్షణ ఇచ్చేటప్పుడు నేను ముందు ఈ కేసే తీస్తాను. అమెరికాలో పెద్ద కంపెనీలు ఎలా పెరిగాయి, వాటి ఎదుట కార్మిక సంఘాలు ఎందుకు నిలవలేకపోయాయి అన్న రెండు ప్రశ్నలకూ ఇందులో జవాబు దొరుకుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇది: హోంస్టెడ్ బేరం డాలర్ దగ్గర చెడలేదు. ఒక పక్షం అసలు ఒప్పందం కుదుర్చుకోవడానికి రాలేదు, ఆ సంగతి కాగితాల్లో ముందే కనిపిస్తోంది. రెండో పక్షం తన అసలు బలం ఎవరో చాలా ఆలస్యంగా తెలుసుకుంది.

ఆ డాలర్ దేనికి సంబంధించింది

ముందు ఈ లెక్క అర్థం చేసుకోవాలి. చాలామంది 23, 24 డాలర్లు జీతం అనుకుంటారు. అది జీతం కాదు, ఉక్కు ధర.

మిల్లులో నైపుణ్యం ఉన్న కార్మికులకు కూలి టన్నుల లెక్కన వచ్చేది. రోలర్లు, హీటర్లు, మెల్టర్లు ఎన్ని టన్నులు తీస్తే అంత. ఆ టన్ను రేటు కూడా స్థిరంగా ఉండేది కాదు. బజారులో బెస్సెమర్ ఉక్కు బిల్లెట్ల (ఉక్కు దిమ్మెల) ధర పెరిగితే రేటు పెరిగేది, ధర తగ్గితే తగ్గేది. దీన్ని స్లైడింగ్ స్కేల్ అనేవారు. 1889లో మూడేళ్లకు కుదిరిన ఒప్పందంలో ఆ స్కేల్‌కి అడుగున ఒక గీత గీశారు: బిల్లెట్ ధర టన్నుకు 25 డాలర్ల కంటే ఎంత పడిపోయినా కూలి మాత్రం 25 దగ్గరి రేటు కంటే తగ్గదు. లాభాలొచ్చినప్పుడు పంచుకుందాం, ధర పడితే మీరూ భరించండి, కానీ ఇంతకంటే కిందికి దించం అన్న ఏర్పాటు. సంతకం పెట్టినప్పుడు రెండు పక్షాలకూ అది సబబుగానే కనిపించింది.

తర్వాత ధర పడిపోయింది. 1890 మొదట్లో 35 డాలర్ల చుట్టూ ఉన్న బిల్లెట్ 1892 నాటికి 22 దగ్గరికి వచ్చేసింది. అంటే బజారు ధర అడుగు గీత దాటి కిందికి పోయింది, కూలి మాత్రం గీత మీదే నిలబడి ఉంది. కంపెనీ ఆ గీతను 22కి దించమంది. పైగా ఆ మూడేళ్లలో కొత్త యంత్రాలు పెట్టారు. అదే మనిషి అదే షిఫ్టులో ఎక్కువ టన్నులు తీస్తున్నాడు. యంత్రానికి డబ్బు పెట్టింది మేం, పెరిగిన టన్నుల మీద కూలి పొందేది మీరా అని యాజమాన్యం అడిగింది. యంత్రం వేగం పెరిగితే మా ఒంటి మీద పడే భారమూ పెరిగింది, వేడీ పెరిగింది, పక్కనుండే మనుషులు తగ్గారు అని కార్మికులు బదులిచ్చారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పీస్ రేటు ఉన్న ఏ ఫ్యాక్టరీలోనైనా కొత్త మెషిన్ దిగిన మర్నాడే ఈ వాదన మొదలవుతుంది. దీనికి మందు లేకపోలేదు. కొత్త యంత్రం మీద కొన్నాళ్లు ట్రయల్ చూసి, కలిసి లెక్కేసుకుని, రేటు కొంత తగ్గించి, చేతికొచ్చే మొత్తం మాత్రం పడిపోకుండా చూసుకోవచ్చు. అలా పరిష్కరించుకున్న చోట్లు ఎన్నో ఉన్నాయి.

ఇక్కడ ఇంకో అంకె తప్పకుండా చూడాలి. హోంస్టెడ్‌లో పనిచేసేవాళ్లు దాదాపు 3,800 మంది. ఈ కోత నేరుగా తగిలేది అందులో 325 మందికి మాత్రమే. 325 మంది కూలి తగ్గించడానికే అయితే ఇంత పెద్ద మిల్లును నెలల తరబడి మూసుకోవాల్సిన అవసరం ఏ కంపెనీకీ రాదు. ఈ లెక్క దగ్గర ఆగినవాడికి అసలు ఉద్దేశం ఇంకేదో ఉందన్న అనుమానం రావాలి.

కంపెనీ ఎలా పెరిగింది

ఆండ్రూ కార్నెగీ 1835లో స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టాడు. తండ్రి చేనేత కార్మికుడు. ఆవిరి మగ్గాలు వచ్చి ఆ బతుకు పోయింది. 1848లో కుటుంబం అమెరికా చేరింది. పిల్లవాడు బట్టల మిల్లులో వారానికి డాలరుంపావు కూడా రాని జీతానికి బాబిన్‌లు మార్చాడు. తర్వాత టెలిగ్రాఫ్ కుర్రాడయ్యాడు, ఆ తర్వాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో అధికారి. ఆయన విద్య అంతా అక్కడే. అప్పటి అమెరికాలో వేల మందితో, వందల మైళ్ల దూరంలో నడిచే వ్యాపారం రైల్వేలే. ప్రతి మైలుకూ ప్రతి టన్నుకూ ఖర్చెంతో రోజువారీ లెక్కలు రాసే అలవాటు వాళ్లదే. ఆ అలవాటును కార్నెగీ ఉక్కులోకి తెచ్చాడు. ధర మన చేతిలో ఉండదు, ఖర్చు ఉంటుంది అన్నది ఆయన సూత్రం.

1875లో బ్రాడక్‌లో ఎడ్గర్ థామ్సన్ మిల్లు మొదలైంది. బెస్సెమర్ కన్వర్టర్‌లో కరిగిన ఇనుములోకి గాలి ఊదితే, పాత పద్ధతిలో రోజు పట్టే పని నిమిషాల్లో అయిపోతుంది. 1883లో పోటీ కంపెనీ నుంచి హోంస్టెడ్ మిల్లు కొన్నాడు. పిట్స్‌బర్గ్‌కి కొన్ని మైళ్ల ఎగువన, మొనాంగహీలా నది ఒడ్డున ఉంటుంది. అక్కడ ఓపెన్ హార్త్ కొలిములు పెట్టి అమెరికా నౌకాదళానికి కవచాల ప్లేట్లు కూడా తయారు చేశారు. ఉక్కుకి కోక్ (బొగ్గును కాల్చి తీసే ఇంధనం) కావాలి. కానెల్స్‌విల్ కోక్ మీద పెత్తనం ఫ్రిక్‌ది కాబట్టి ఫ్రిక్‌నే భాగస్వామిగా తీసుకుని, 1889లో చైర్మన్‌ని చేశాడు. బొగ్గు, కోక్, ఉక్కు, రోలింగ్ అంతా ఒక గొడుగు కిందికి వచ్చింది. 1892 జూలై 1న ఈ మిల్లులన్నీ కలిపి 2.5 కోట్ల డాలర్ల మూలధనంతో కార్నెగీ స్టీల్ కంపెనీగా ఏర్పడ్డాయి. తేదీ గమనించండి. హోంస్టెడ్ ఒప్పందం ముగిసింది దానికి ముందు రోజే.

ఎన్నో మిల్లులు ఒకే యాజమాన్యం చేతిలో ఉంటే సమ్మెకు ఏమవుతుందన్నది నా పనిలో రోజూ కనిపించే విషయం. ఒక్క మిల్లు ఉన్న యజమానికి గేటు మూతపడితే పూట గడవదు. నాలుగు మిల్లులున్న యజమాని ఒకదాన్ని మూసి, మిగతా మూడింట్లో ఆర్డర్లు పూర్తి చేస్తాడు. ఎడ్గర్ థామ్సన్‌లో సంఘాన్ని 1888 నాటికే తీసేశారు, అక్కడ 12 గంటల షిఫ్టు వచ్చేసింది. కాబట్టి 1892లో హోంస్టెడ్ కార్మికులు బేరమాడింది ఒక మిల్లుతో కాదు.

కాగితాలు ఏం చెబుతున్నాయి

కార్నెగీ 1886లో ఒక పత్రికలో రెండు వ్యాసాలు రాశాడు. కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు ఉందన్నాడు. సమ్మెలో ఉన్నవాడి ఉద్యోగం ఇంకొకడు లాక్కోవడం తప్పన్నాడు. ఆ మాటలు హోంస్టెడ్ కార్మికులకు బాగా తెలుసు. పెద్దాయన ఉంటే ఇలా జరగదని చాలామంది చివరిదాకా నమ్మారు.

అదే కార్నెగీ 1892 ఏప్రిల్‌లో ఒక నోటీసు ముసాయిదా రాసి ఫ్రిక్‌కి ఇచ్చాడు. కొత్తగా కలిసే మిల్లుల్లో సంఘం లేనివే ఎక్కువ కాబట్టి, తక్కువవాళ్లు ఎక్కువవాళ్ల దారికి రావాలని, ఒప్పందం అయిపోయాక హోంస్టెడ్ సంఘం లేని మిల్లుగా నడుస్తుందని అందులో ఉంది. ఫ్రిక్ దాన్ని గేటుకు అతికించలేదు. అది తెలివైన పని, ఎందుకంటే అలా అతికిస్తే గొడవ సంఘం ఉనికి గురించి అని అందరికీ తెలిసిపోయేది. రేటు గురించి అన్నట్టుగానే నడిపించాడు. మే నెలలో కార్నెగీ ఇంగ్లండ్ నుంచి రాసిన ఉత్తరంలో, మీరేం చేసినా మా సమ్మతి ఉంది, పోరు దాకా వెళ్లినా సరే అని ఉంది. తర్వాత ఆయన స్కాట్లాండ్ కొండల మధ్య ఒక విడిదిలో వేసవి గడిపాడు.

తేదీల వరుస చూడండి. జూన్ 23న ఆఖరి సమావేశం. జూన్ 25న, ప్రైవేటు గార్డులను కిరాయికిచ్చే పింకర్టన్ ఏజెన్సీకి ఫ్రిక్ ఉత్తరం: జూలై 6 ఉదయానికి 300 మంది గార్డులు కావాలి. మనిషికి రోజుకు 5 డాలర్లు. అదే మిల్లులో మామూలు కూలీకి గంటకు 14 సెంట్లు. ఈ ఉత్తరం కంటే ముందే, బేరం నడుస్తుండగానే, మిల్లు చుట్టూ చెక్కలతో ఎత్తైన కంచె కట్టడం మొదలైంది. దాదాపు మూడు మైళ్ల పొడవు, పైన ముళ్ల తీగ, తుపాకీ గొట్టం పట్టేంత కంతలు, మంచెల మీద సెర్చ్‌లైట్లు. కార్మికులు దానికి ‘ఫోర్ట్ ఫ్రిక్’ అని పేరు పెట్టారు. రేటు కుదుర్చుకుందామనే ఉద్దేశం ఉన్నవాడు కోట కట్టడు.

ఈ కేసులో జనం పెద్దగా పట్టించుకోని, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే అంశం ఒకటుంది. కంపెనీ పెట్టిన మూడు డిమాండ్లలో ఒకటి అడుగు గీత దించడం, రెండోది కొన్ని విభాగాల్లో టన్ను రేట్లు కోయడం. మూడోది ఒప్పందం ముగిసే తేదీని జూన్ 30 నుంచి డిసెంబరు 31కి మార్చడం. ఏడాది ఆర్డర్లు, లెక్కలు జనవరితో మొదలవుతాయి కాబట్టి అలా ఉంటే సౌకర్యం అన్నారు. చూడ్డానికి గుమాస్తా స్థాయి మార్పులా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. కానీ గడువు ఎప్పుడు తీరితే లాకౌట్ అప్పుడు వస్తుంది. జూన్‌లో అయితే పెరట్లో కూరలుంటాయి, ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి బొగ్గు కొనక్కర్లేదు, ఇంకెక్కడైనా పని దొరుకుతుంది. పెన్సిల్వేనియాలో జనవరి అంటే మంచు. జీతం లేని ఇంట్లో ఆ నెల గడవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. రేటు మీద గెలిచి ఈ తేదీ మీద ఓడిపోయినా, వచ్చేసారి బేరంలో సంఘం మొత్తం పోగొట్టుకునేది. దీన్ని సంఘం పెద్దలు పసిగట్టారు, గట్టిగానే ఎదిరించారు. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. డిమాండ్ల పత్రం చేతికొచ్చినప్పుడు రూపాయల కాలమ్ కంటే ముందు తేదీల కాలమ్ చూడమని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే.

జూన్ 28 నుంచి విభాగం తర్వాత విభాగం మూసుకుంటూ వచ్చి, నెలాఖరుకి మిల్లంతా లాకౌట్ చేశారు. చరిత్రలో దీనికి హోంస్టెడ్ సమ్మె అని పేరు పడింది. ముందుగా గేటు మూసింది యాజమాన్యమే.

కూలీలు

అమాల్గమేటెడ్ సంఘం 1876లో పుట్టింది. 1891 నాటికి దేశం మొత్తం మీద 24,000 మందికి పైగా సభ్యులున్నారు. అప్పటి అమెరికాలో దానికంటే బలమైన వృత్తి సంఘాలు తక్కువ. కానీ అది పనితనం ఉన్నవాళ్ల సంఘం. హోంస్టెడ్‌లో 3,800 మందిలో సభ్యులు సుమారు 800. మిగతా మూడు వేల మంది బరువులు మోసేవాళ్లు, బొగ్గు తోసేవాళ్లు, మెకానిక్‌లు, చిల్లర పనివాళ్లు. వాళ్లలో స్లోవాక్‌లు, హంగేరియన్లు, తూర్పు యూరప్ నుంచి కొత్తగా దిగినవాళ్లు చాలామంది. టన్ను రేటుతో వాళ్లకు సంబంధం లేదు, వాళ్లది గంట కూలి. సంఘంలో వాళ్లకు చోటు లేదు. నైపుణ్యం ఉన్న కొందరు రోలర్లు రోజుకు 10 డాలర్ల పైన తెచ్చుకుంటుంటే, కూలీకి పన్నెండు గంటలు కష్టపడితే వచ్చేది 1.68.

కాబట్టి కంపెనీ లెక్క సబబైనదే. ఎనిమిది వందల మంది గొడవ కోసం మూడు వేల మంది ఆకలితో ఎందుకు మాడతారు? కొన్నాళ్లకు వాళ్లే గేటు దగ్గరికి వస్తారు అనుకుంది.

రాలేదు. జూన్ 30న మెకానిక్‌లు, కూలీలు సభ పెట్టుకుని సంఘంతో నిలబడాలని ఓటేశారు. వాళ్లకు ఈ ఒప్పందంలో ఒక్క సెంటు కూడా కలిసిరాదు. గెలిచినా వాళ్ల కూలి పెరగదు. అయినా నిలబడ్డారు, నవంబరు దాకా నిలబడ్డారు. ఈ కేసు చదివినప్పుడల్లా నాకు మనసు తల్లడిల్లేది ఇక్కడే. ఏళ్ల తరబడి తమను లోపలికి రానివ్వని సంఘం కోసం, తమ పేరు ఎక్కడా లేని ఒక పత్రం కోసం వాళ్లు జీతాలు వదులుకున్నారు. వాళ్లు నిలబడింది స్కేల్ కోసం కాదని నా అంచనా. ఫోర్‌మన్ మీద ఒక అదుపు ఉండటం, ఎవర్ని తీసేస్తే ఎందుకని అడిగే కమిటీ ఒకటి ఉండటం, ఊరి మేయర్ కూడా మిల్లు మనిషే కావడం, ఇవన్నీ సంఘం ఉండబట్టేనని వాళ్లకు తెలుసు. అప్పటి మేయర్ జాన్ మెక్‌లకీ స్వయంగా మిల్లు కార్మికుడు. సంఘం పోతే ఊరు మొత్తం కంపెనీది అవుతుంది.

సంఘం ముందే ఈ మూడు వేల మందిని సభ్యులుగా చేర్చుకుని, గంట కూలిని కూడా డిమాండ్లలో పెట్టి ఉంటే? ఫలితం మారేదని గట్టిగా అనలేను, రాష్ట్ర ప్రభుత్వం తుపాకులతో దిగాక చాలా లెక్కలు తలకిందులవుతాయి. కానీ కార్నెగీ మిగతా మిల్లుల్లో కూడా కూలీలు చేతులు కలిపి ఉంటే, ఎడ్గర్ థామ్సన్‌లో కొలిములు అలా నిరాటంకంగా మండేవి కావు. ఆ వేసవిలో లారెన్స్‌విల్, బీవర్ ఫాల్స్ మిల్లుల కార్మికులు సానుభూతిగా పని ఆపారు. ఎడ్గర్ థామ్సన్ ఆగలేదు.

జూలై 6

సలహా సంఘం పేరుతో కార్మికులు ఒక కమిటీ వేసుకున్నారు. హ్యూ ఓడానెల్ దాని అధ్యక్షుడు. నది మీద పడవలు తిప్పి కాపలా పెట్టారు, రైల్వే స్టేషన్‌లో మనుషుల్ని నిలబెట్టారు. షెరీఫ్ కొద్దిమంది సహాయకులను పంపిస్తే, మిల్లుకి కావలసినంత మంది కాపలా మేమే ఇస్తాం, ఒక్క ఇటుక కదలనివ్వం అని చెప్పి మర్యాదగా తిప్పి పంపేశారు. ఈ ప్రతిపాదన ఎవరూ పట్టించుకోలేదు.

పింకర్టన్ మనుషుల్ని ఓహాయోలోని ఆష్టబ్యూలా దగ్గర పోగుచేసి, రైల్లో పిట్స్‌బర్గ్ దిగువకి తెచ్చి, రాత్రిపూట రెండు బార్జీల్లోకి ఎక్కించారు. వాటిని ‘లిటిల్ బిల్’ అనే ఆవిరి పడవ లాక్కెళ్లింది. ఆ మనుషుల్లో చాలామంది న్యూయార్క్, షికాగో నగరాల్లో పనిలేక తిరుగుతున్నవాళ్లు. ఎక్కడికి వెళ్తున్నామో కూడా సరిగా తెలియకుండానే బయల్దేరారు. వించెస్టర్ రైఫిళ్లు, యూనిఫారాలు పెట్టెల్లో వచ్చాయి. పిట్స్‌బర్గ్ వంతెన దగ్గర కాపలా కాస్తున్న కార్మికుడు బార్జీలు చూసి హోంస్టెడ్‌కి కబురు పంపాడు. ఊళ్లో ఆవిరి ఈల మోగింది. తెల్లవారుజామున నాలుగింటికల్లా ఆడవాళ్లు, పిల్లలతో సహా వేలమంది ఒడ్డుకు పరిగెత్తారు. దారికి అడ్డంగా ఉన్న కంపెనీ కంచెను తోసిపడేశారు.

మనుషులు దిగడానికి బార్జీ నుంచి ఒడ్డుకు చెక్క పలక దించారు. ఎవరి తుపాకీ ముందు పేలిందో ఇప్పటిదాకా తేలలేదు. ఒకసారి పేలాక రెండు పక్కలా మనుషులు పడ్డారు. గాయపడ్డవాళ్లను ఎక్కించుకుని ‘లిటిల్ బిల్’ వెళ్లిపోయింది, బార్జీలు కదల్లేక అక్కడే మిగిలాయి. పగలంతా ఎండలో, ఆ చెక్కపెట్టెల్లాంటి పడవల్లో మూడు వందల మంది ఇరుక్కున్నారు. ఒడ్డు మీది నుంచి డైనమైట్ విసిరారు, నీళ్ల మీద నూనె పోసి అంటించాలని చూశారు, మండే తెప్పను వదిలారు, ఎక్కడిదో పాత ఫిరంగి తెచ్చి కాల్చారు. ఆ ఫిరంగి గుండు గురి తప్పి ఒక కార్మికుడినే చంపింది. లోపలివాళ్లు తెల్లగుడ్డ చూపించినప్పుడల్లా దాన్ని కాల్చి పడగొట్టారు. సాయంత్రం అయిదు ప్రాంతంలో ఓడానెల్, సంఘం పెద్దలు జనాన్ని ఒప్పించి లొంగుబాటు కుదిర్చారు. ప్రాణాలకు హామీ ఇచ్చారు. కానీ పింకర్టన్ మనుషులు ఒడ్డు ఎక్కి ఊళ్లోకి నడుస్తుంటే రెండు వరుసలుగా నిలబడ్డ జనం రాళ్లతో, కర్రలతో వాళ్లను చితకబాదారు. కొట్టినవాళ్లలో ఉదయం కాల్పుల్లో తమవాళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లున్నారు. ఏడుగురు కార్మికులు, ముగ్గురు పింకర్టన్ మనుషులు చనిపోయారన్నది ఎక్కువగా కనిపించే లెక్క. కొన్ని లెక్కల్లో కార్మికుల సంఖ్య ఇంకా ఎక్కువ.

ఆ రాత్రికి కార్మికులు గెలిచినట్టే కనిపించింది. బేరం చేసే మనిషిగా నాకు మాత్రం వాళ్లు బాగా నష్టపోయింది ఆ సాయంత్రమే అనిపిస్తుంది. అప్పటిదాకా ప్రజల సానుభూతి వాళ్లదే. కిరాయి తుపాకులను రాత్రిపూట దొంగతనంగా తెచ్చిన కంపెనీ మీద దేశమంతా కోపంగా ఉంది. లొంగిపోయిన మనుషుల్ని కొట్టిన వార్తలు ఆ కోపాన్ని పలచబరిచాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి: ఇప్పుడు ఇది వేతన వివాదం కాదు, శాంతిభద్రతల సమస్య. అలా మారిన మరుక్షణం తూకం యాజమాన్యం వైపే మొగ్గుతుంది. ఎక్కడైనా, ఏ కాలంలోనైనా.

జూలై 12న గవర్నర్ రాబర్ట్ పాటిసన్ పంపిన రాష్ట్ర సైన్యం 8,000 మందికి పైగా హోంస్టెడ్‌లో దిగింది. కార్మికులు బ్యాండుతో స్వాగతం చెప్పాలనుకున్నారు, సైన్యాధికారి వద్దన్నాడు. పింకర్టన్‌లు వెళ్లిపోయారు, వాళ్లు చేయాల్సిన పని సైన్యం చేసింది. దాని కాపలాలో కొత్త కూలీలు మిల్లులోకి వచ్చారు, కంచె లోపలే పడుకున్నారు, లోపలే తిన్నారు.

దెబ్బ మీద దెబ్బ

జూలై 23న అలెగ్జాండర్ బెర్క్‌మన్ అనే యువ అనార్కిస్టు ఫ్రిక్ ఆఫీసులోకి దూరి ఆయన్ని కాల్చి, పొడిచాడు. హోంస్టెడ్ సంఘంతో అతనికి ఏ సంబంధమూ లేదు, కార్మికులెవరూ అతన్ని పిలవలేదు. ఫ్రిక్ బతికాడు, పట్టుదలతో మంచం మీది నుంచే పని నడిపించి, కొద్దిరోజుల్లో ఆఫీసుకొచ్చాడు. నిన్నటిదాకా అందరూ తిట్టిన మనిషి గట్టిగుండె వాడైపోయాడు.

అప్పుడే ఇంకో దారి కూడా మూసుకుపోయింది. అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరం. 1890లో రిపబ్లికన్లు దిగుమతి సుంకాలు భారీగా పెంచారు, అమెరికన్ కార్మికుడి కూలి కాపాడటానికే అని చెప్పుకున్నారు. ఆ సుంకాల వెనక లాభపడ్డ ఉక్కు కంపెనీ కూలి కోసి, తుపాకులు తెచ్చిందంటే వాళ్లకు ఇబ్బందే. ఓడానెల్ ఆ ఒత్తిడిని వాడుకోవాలని చూశాడు. రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి వైట్‌లా రీడ్ ద్వారా కార్నెగీకి కబురు పంపించాడు: సంఘంతో మళ్లీ మాట్లాడితే చాలు, రేట్లు మీరన్నట్టే ఒప్పుకుంటాం. అంటే ఆ డాలర్‌ను కార్మికులు పూర్తిగా వదులుకున్నారు. ఫ్రిక్ కుదరదన్నాడు. కార్నెగీ ఫ్రిక్ వెనకే నిలబడ్డాడు. రేటు పూర్తిగా ఇచ్చేసినా ఒప్పందం కుదరలేదంటే తగువు దేనికో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తర్వాత కోర్టులు. సంఘం నాయకుల మీద హత్య కేసులు పెట్టారు. అవి నిలబడేలా లేవనిపించాక రాష్ట్రం మీద రాజద్రోహం అన్నారు. రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ పాక్సన్ స్వయంగా ఆ అభియోగానికి దారి చూపించాడు. పిట్స్‌బర్గ్ జూరీలు హత్యకు గానీ, రాజద్రోహానికి గానీ ఏ నాయకుడికీ శిక్ష వేయలేదు. కానీ నెలలు గడిచాయి, సంఘం నిధులు లాయర్లకూ జామీన్లకూ పోయాయి. కేసు గెలవాలనే పెట్టరు, కొన్ని కేసులు డబ్బూ కాలమూ హరించడానికే పెడతారు.

నవంబరు వచ్చింది, చలి మొదలైంది. నవంబరు 18న మెకానిక్‌లు, కూలీలు సమ్మె కట్టుబాటు నుంచి తమను విడిచిపెట్టమని అడిగారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నవంబరు 20న అమాల్గమేటెడ్ సభ్యులు ఓటేశారు: సమ్మె విరమించడానికి 101, వద్దని 91. నాయకుల పేర్లు బ్లాక్‌లిస్టులో చేరాయి, ఉక్కు పరిశ్రమలో వాళ్లకు మళ్లీ పని దొరకలేదు.

ఎవరికి ఏం మిగిలింది

కార్నెగీ కంపెనీ లాభం 1892లో 40 లక్షల డాలర్లు, 1900లో 4 కోట్లు. ఈ పదింతలకు కారణం కూలి తగ్గడం ఒక్కటే అంటే అన్యాయం. కొత్త యంత్రాలు, సొంత ఇనుప గనులు, సొంత రైలు మార్గం ఉన్నాయి. అయితే ఏ యంత్రం ఎప్పుడు పెట్టినా, రేటు ఎంత కోసినా, షిఫ్టు ఎంత పొడిగించినా అడిగేవాడు లేకపోవడం అందులో పెద్ద భాగం. 1901లో బ్యాంకర్ జె.పి. మోర్గాన్‌కి కంపెనీ అమ్మేశారు, 48 కోట్ల డాలర్లకు. దాంతో ఏర్పడిన యు.ఎస్. స్టీల్ ప్రపంచంలో వంద కోట్ల డాలర్లు దాటిన మొదటి కార్పొరేషన్.

మిల్లులో 12 గంటల షిఫ్టు స్థిరపడింది. పగటి షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకి మారే ఆదివారం నాడు కొలిమి దగ్గరి మనిషి ఏకబిగిన 24 గంటలు పనిచేసేవాడు, దాన్ని లాంగ్ టర్న్ అనేవారు. అమాల్గమేటెడ్ సభ్యత్వం కొన్నేళ్లలోనే సగం కంటే కిందికి పడిపోయింది. 1898లో కార్నెగీ అక్కడ ఈతకొలను, సంగీత సభా మందిరంతో సహా చక్కటి లైబ్రరీ కట్టించాడు. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడి వచ్చినవాడికి పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడిది?

మనకు సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడ చెప్పాలి. జంషెడ్‌పూర్‌లో టాటాల ఉక్కు ఫ్యాక్టరీని డిజైన్ చేసింది పిట్స్‌బర్గ్ ఇంజనీర్లే. కార్నెగీ మిల్లుల్లో ఎదిగిన జూలియన్ కెన్నెడీ కంపెనీ ఆ పని చేసింది. అమెరికా యంత్రాలు వచ్చాయి గానీ అమెరికా షిఫ్టు రాలేదు. అక్కడ 1912లోనే ఎనిమిది గంటల పనిదినం పెట్టారు. తెలుగువాళ్లు ఎందరో వెళ్లి స్థిరపడిన ఊరది. హోంస్టెడ్ ఉన్న యు.ఎస్. స్టీల్‌లో 12 గంటల షిఫ్టు పోవడానికి 1923 దాకా ఆగాల్సి వచ్చింది. ఉక్కు పరిశ్రమలో కొలిమి ఆరదు కాబట్టి రెండు షిఫ్టులు తప్పవన్న వాదన ఎంత బోలుదో ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

చట్టం పరంగా వెంటనే మారింది చాలా తక్కువ. 1893లో అమెరికా ప్రభుత్వం పింకర్టన్ మనుషుల్ని పనిలో పెట్టుకోకూడదని కాంగ్రెస్ చట్టం చేసింది. ప్రైవేటు కంపెనీలు పెట్టుకోవచ్చు. యాజమాన్యం సంఘంతో కూర్చుని మాట్లాడి తీరాలన్న చట్టం 1935 దాకా రాలేదు. ఈ కేసు చర్చించేటప్పుడు మన ప్రతినిధులు తరచూ అడుగుతారు, కన్సిలియేషన్ ఆఫీసర్ (రెండు పక్షాల మధ్య రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి) ఎక్కడున్నాడని. లేడు. నోటీసు, చర్చలు, అధికారి ముందు రికార్డు ఏవీ లేవు. ఎదుటివాడు ఉత్తుత్తి బేరం ఆడుతున్నాడని నిరూపించే చోటే లేదు.

1933 వేసవిలో కార్మిక శాఖ మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ హోంస్టెడ్ వచ్చింది. హాల్లో పట్టని కార్మికులు బయట నిలబడి ఉన్నారు, వాళ్లతో పార్కులో మాట్లాడతానంటే ఊరి మేయర్ కుదరదన్నాడు. ఆమె చుట్టూ చూసి, పోస్టాఫీసు మీద జాతీయ జెండా కనిపిస్తే అక్కడికి నడిచి, కౌంటర్ల మధ్య కుర్చీ ఎక్కి మాట్లాడింది. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ ఊళ్లో కేంద్ర మంత్రికి సభ పెట్టుకునే చోటు పోస్టాఫీసు ఒక్కటే.

1936 జూలై 5న, ఉక్కు కార్మికులను కొత్త సంఘంగా కూడగట్టడానికి ఏర్పడిన కమిటీ హోంస్టెడ్‌లో సభ పెట్టి 1892లో చనిపోయినవాళ్లకు నివాళి అర్పించింది. వేదిక మీద పెన్సిల్వేనియా లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ కెన్నెడీ ఉన్నాడు, ఆయన గని కార్మికుల సంఘం నాయకుడు కూడా. సమ్మె వస్తే కార్మికుల కుటుంబాలకు ప్రభుత్వ సహాయం అందుతుందని ఆయన ఆ సభలో చెప్పాడు. 1937 మార్చి 2న యు.ఎస్. స్టీల్ అనుబంధ సంస్థ కార్నెగీ–ఇల్లినాయ్ ఆ కమిటీతో ఒప్పందం మీద సంతకం పెట్టింది. రోజు కూలి 5 డాలర్లు, వారానికి 40 గంటలు, పైన చేసిన పనికి ఒకటిన్నర రెట్లు. సంతకం పెట్టిన సంఘంలో రోలరు, మెకానిక్, బొగ్గు తోసే కూలీ అందరూ సభ్యులే.